చుక్కలను చిత్రించే చల్లని కెమెరా

అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం ఆకాశంలో కొంత భాగాన్ని మన హైదరాబాదు నిజామియా వేధశాలవారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో గాజు పలకలపై చిత్రించారు. ఆ పలకల కాలం గడిచినది. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ వాటి స్థానంలోకి వచ్చినది. ఇప్పుడు ఔత్సాహికుల చేతిలో దాని స్థానాన్ని సీమాస్ సెన్సారు ఆక్రమించినది. సీసీడీల తయారీని విరమించనున్నట్లు సోనీ సంస్థ 2015లోనే ప్రకటించినందున, చవకగా వస్తున్నదని పాత సీసీడీ కెమెరాను కొనడం వివేకమని నేననను.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఈ ప్రసంగమెందుకని అడిగేవారుంటారు. ఒకసారి కొన్న కెమెరాను మార్చుకొనే స్తోమత మన విద్యార్థులలో అధికులకు లేదు. కావున ప్రకటనలలోని మాటలకు అర్థం చెప్పుకొనడం అవసరం.

మొదట చల్లదనం సంగతి. వెలుగు సోకకున్నా, కేవలం వేడిమి వలన సెన్సారులో ఎలక్ట్రానులు పుడుతుంటాయి. దీనిని చీకటి ప్రవాహం అనవచ్చు. ఉష్ణోగ్రత ఇంచుమించు ఆరు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇది రెట్టింపవుతుంది. ముప్పై డిగ్రీలు చల్లబరిస్తే ముప్పది రెండవ వంతుకు తగ్గుతుందన్నమాట. అయితే "35 డిగ్రీల చల్లదనం" అని అమ్మకందారు వ్రాసినది బయటి గాలికంటె అన్ని డిగ్రీలు తక్కువ అని మాత్రమే. ఏప్రిల్ రాత్రి మన మేడపై 30 డిగ్రీలుంటే, ఆ కెమెరా సర్వశక్తులూ ఒడ్డి చేరగలిగేది మైనస్ 5.

దీనికి దిగులుపడనక్కరలేదు. నగరపు దీపాల వెలుగు ఆకాశమంతటా పరచుకొన్నచోట, ఆ వెలుగు తెచ్చే రొద ముందు సున్నా డిగ్రీలకూ మైనస్ పదికీ గల భేదం స్వల్పం. శీతల యంత్రపు అసలు ప్రయోజనం ఉష్ణోగ్రతను ఒకేచోట నిలపడంలో ఉన్నది. మూత మూసి, అదే ఉష్ణోగ్రతలో, అదే గెయినుతో, అంతే కాలం తీసిన చీకటి చిత్రాలను అసలు చిత్రాల నుండి తీసివేయవలెను. సున్నా వద్ద ఒక కట్ట తీసి ఉంచుకొంటే అది నెలల తరబడి పనికివస్తుంది. క్షణక్షణం వేడెక్కే సాధారణ కెమెరాతో ఈ సౌకర్యం లేదు. కాబట్టి అధిక చల్లదనం పేరిట అధిక ధర ఇవ్వవద్దు.

ఇక సెన్సారు. పిక్సెలు పరిమాణాన్ని మైక్రానులలో తీసుకొని 206తో గుణించి, దూరదర్శిని నాభ్యంతరాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని దానితో భాగిస్తే, ఒక్కొక్క పిక్సెలు ఎన్ని ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని చూస్తుందో తెలుస్తుంది. 400 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శినికి 3.76 మైక్రానుల ఐఎమ్ఎక్స్ 533 తగిలిస్తే సుమారు 1.9 వస్తుంది. మన గాలి చలనానికి ఇది చక్కగా సరిపోతుంది. ఈ సెన్సారు ప్రక్కకు 11.3 మిల్లీమీటర్ల చతురస్రం. అందులో ఒకటిన్నర డిగ్రీలకు పైగా ఆకాశం పడుతుంది. ఓరియన్ నీహారిక ఇముడుతుంది. మూడు డిగ్రీల దేవయాని గెలాక్సీ ఇమడదు. దానికి ఐఎమ్ఎక్స్ 571 వంటి పెద్ద సెన్సారు, పెద్ద ధర కావలెను. ఐఎమ్ఎక్స్ 585 వెడల్పులో 533కు దాదాపు సమానమైనా ఎత్తు సగానికి కొంచెమే ఎక్కువ. ఐఎమ్ఎక్స్ 183లో ఒక అంచు నుండి కాంతి పొంగివస్తుంది. మంచి చీకటి చిత్రాలతో అది పోతుంది గాని, క్రొత్తవారికి తలనొప్పి. ఈ నాలుగింటిలో తొలి కెమెరాగా నా ఓటు 533కే.

నలుపు తెలుపు కెమెరా సూక్ష్మతలో మేలైనదే. కాని దానికి ఫిల్టర్లు, వాటిని త్రిప్పే చక్రం కొనేసరికి ఖర్చు ఎంతో పెరుగుతుంది. వర్ణ కెమెరాతో మొదలుపెట్టవచ్చు.

నక్షత్రగతిని అనుసరించి తిరిగే మౌంటు బలహీనంగా ఉంటే మాత్రం కెమెరా కొనుగోలును వాయిదా వేసి, ఆ సొమ్ము మౌంటుకే వెచ్చించవలెను. నిమిషం పాటు చుక్కను చుక్కగా నిలపలేని మౌంటుపై ఎంత చల్లని కెమెరా అయినా గీతలనే చిత్రిస్తుంది. కొనేనాడు మరి రెండు అడగండి: శీతల యంత్రానికి కావలసిన 12 వోల్టుల విద్యుత్తు మేడమీద ఎక్కడినుండి వస్తుంది, సెన్సారు గదిలోని తేమను పీల్చే బిళ్ళలను మనమే మార్చుకొనవచ్చునా. వానాకాలపు తేమలో ఈ రెండవ ప్రశ్న చాల ముఖ్యం.