పాట వింటున్నామా? చూస్తున్నామా?



మొన్న సాయంత్రం మా గుమ్మలక్ష్మీపురంలో ఒక కుర్రవాడు ఫోనులో ‘నాటు నాటు’ పాట చూస్తూ నన్ను అడిగాడు: “ఫాదర్ గారూ! పాటలో జాతర, జొన్నరొట్టె, మిరపతొక్కు అంటున్నారు. బొమ్మలో చూస్తే పెద్ద మేడ, దొరలు, దొరసానులు. ఇదేమిటండీ?” మంచి ప్రశ్న. ఈ వారం మన పాఠం అదే.

పాటలోని మాటకూ, తెరమీది బొమ్మకూ సంబంధం మూడు విధాలని ఆండ్రూ గుడ్విన్ అనే పరిశోధకుడు 1992లో వివరించాడు.

1. మాట చెప్పినదే బొమ్మ చూపుతుంది. వాన అంటే వాన, పువ్వు అంటే పువ్వు.

2. మాట చెప్పనిదాన్ని బొమ్మ చేర్చి, అర్థాన్ని పెంచుతుంది.

3. మాట దారి మాటది, బొమ్మ దారి బొమ్మది. నాయకుడూ నాయికా పల్లె, పైరు అని పాడుతూనే ఉన్నట్టుండి విదేశపు మంచుకొండల మీద తేలుతారు. ఎందుకు వెళ్లారో కథకే తెలియదు!

మరి ‘నాటు నాటు’ ఏ విధం? చంద్రబోస్ రాసి, కీరవాణి బాణీ కట్టిన ఈ పాటను 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ భవనం ముందు చిత్రీకరించారు. సినిమా 2022లో వచ్చింది. కథలో అది దొరల విందు. ‘మీకు నాట్యమేం తెలుసు?’ అని ఒక దొర హేళన చేస్తే, మిత్రులిద్దరూ నాటు చిందుతో జవాబిస్తారు. మాటలు మన ఊరి సంగతులే చెబుతాయి. అవమానాన్నీ జవాబునూ బొమ్మ చేరుస్తుంది. కనుక ఇది రెండవ విధం. పోటీ, దుమ్ము రేపే అడుగు, చివరికి గెలుపు: ఇవి మాస్ పాటకు ఆనవాయితీ. 2023 మార్చిలో దీనికి ఆస్కార్ వచ్చింది.

ఆనవాయితీ అన్ని వేళలా ఇలా మేలు చేయదు. సినిమాలో గూడెం పాట అనగానే తలకు ఈకలు, ఒంటికి ఆకులు, మధ్యలో నెగడు, చుట్టూ కేకలు. అరకు లోయ థింసాను చూసినవారికి నిజం తెలుసు. స్త్రీలు వరుసగా నిలిచి, వెనుకనుంచి చేతులు పెనవేసుకుని, వాద్యానికి అనుగుణంగా ఒకే అడుగు వేస్తారు. ఒకరు తొందరపడితే వరుసంతా తడబడుతుంది. తెరమీది ఈకలనే నిజమనుకున్న పట్నపు బిడ్డ మన పిల్లలను చూసి నవ్వుతాడు. అంతకన్నా బాధాకరం, మన పిల్లలే తమ అవ్వ ఆటను చూసి సిగ్గుపడటం.

పాటలు మానమని నేను చెప్పడం లేదు. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పాటను మొదట కళ్లు మూసుకుని వినండి, తరువాత చూడండి. ఆపైన చర్చించండి:

• మాట ఏం చెప్పింది?
• బొమ్మ ఏం చేర్చింది, ఏం దాచింది?
• ఆ బొమ్మ కథకు అవసరమా, ఆనవాయితీ మాత్రమేనా?
• అందులో చూపిన మనుషులు దాన్ని చూస్తే, ‘ఇది మేమే’ అంటారా?

చివరి ప్రశ్నకు జవాబు అవ్వనే అడగండి. వీలైతే ఆమె పాటను ఆమె నోటనే వినండి.