మానసిక వ్యాధి మందులు – శరీర కదలికలలో మార్పులు

ఏళ్ల తరబడి మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు అదేపనిగా పెదవులు చప్పరిస్తున్నా, నాలుక బయటపెడుతున్నా, దవడ ఆడిస్తున్నా ఇంటివారు దానిని చెడ్డ అలవాటనో, వ్యాధి ముదిరిందనో భావిస్తారు. అది మందు ప్రభావమై ఉండవచ్చు.

1950ల నుండి వాడుకలో ఉన్న క్లోర్‌ప్రొమజైన్, హాలోపెరిడాల్ వంటి మందులు మెదడులో డోపమైన్ పనిని అడ్డుకొని భ్రమలను తగ్గిస్తాయి. శరీర కదలికలను క్రమపరచడంలోనూ డోపమైన్‌కు పాత్ర ఉన్నందున మేలుతోపాటు ఈ చిక్కు కలుగుతుంది. రిస్పెరిడోన్ వంటి తరువాతి మందులతో ముప్పు తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు.

ఈ మార్పులు ముఖ్యంగా నాలుగు విధాలు:

1. కండరాల బిగువు: మందు మొదలైన గంటలలో లేదా రోజులలో మెడ పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

2. నిలకడలేమి: ఒకచోట కూర్చోలేక కాలు కాలిన పిల్లిలా తిరగడం. దీనిని వ్యాధి ఉద్రేకమని పొరబడి మందు పెంచితే బాధ హెచ్చుతుంది.

3. వణుకు, బిగుసుకుపోవడం, నడక మందగించడం.

4. టార్డివ్ డిస్కినీషియా: నెలలు, ఏళ్లు గడిచాక నోరు, నాలుక, వేళ్లు వాటంతటవే కదలడం. వృద్ధులకు, మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

మొదటి మూడింటిని సాధారణంగా సరిదిద్దవచ్చు. నాలుగవది మందు మానినా కొందరిలో నిలిచిపోతుంది. కనుక తొలి దశలోనే గుర్తించడం ముఖ్యం. ఆరు నెలలకొకసారైనా కదలికలను పరీక్షించమని వైద్యుని కోరాలి.

అయితే మందును సొంతంగా ఆపరాదు. వ్యాధి తిరగబెట్టవచ్చు, కదలికలు మరింత పెరగవచ్చు. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, టెట్రాబెనజైన్ వంటివి చేర్చడమో వైద్యుడే నిర్ణయించాలి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ నాలుగవ రకాన్ని హెచ్చించగలదు. దానిని దుకాణంలో అడిగి కొనడం తగదు.

పరభాషా నగరంలో వైద్యునితో మాట్లాడలేక ఇటువంటి లక్షణాలను చెప్పకుండా ఊరుకోవలసిన పనిలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, చికిత్సను గురించీ, దాని దుష్ప్రభావాలను గురించీ తమకు అర్థమయ్యే భాషలో తెలుసుకొనే హక్కు రోగికి ఉంది. టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహా లభిస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పాత మందుల చీటీలన్నీ, కదలికలను ఫోనులో తీసిన వీడియోను వెంట తీసుకువెళితే మాటలు చాలనిచోట అవే వివరం చెబుతాయి.