అప్రూవల్ రిక్వెస్టు తిరిగి రాకుండా ఉండాలంటే

సౌదీలో ప్రైవేటు ఉద్యోగికి హెల్త్ ఇన్సూరెన్స్ చేయించడం కంపెనీ బాధ్యత. ఆ చట్టం 1999లోనే వచ్చింది. అయినా ఎమ్మారై కోసం వెళ్తే కౌంటర్లో 'అప్రూవల్ రాలేదు' అంటారు. అక్కడి అమ్మాయితో గొడవపడి లాభం లేదు. రిక్వెస్టు ఆస్పత్రి నుంచి నఫీస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఇన్సూరెన్స్ వాళ్లకి వెళ్తుంది. వాళ్లు మీ ముఖం చూడరు, డాక్టరు రాసింది చూస్తారు.

జుబైల్లో ఒక రిగ్గర్ ఉన్నాడనుకుందాం. మొదటి రిపోర్టు ఇలా వెళ్లింది: 'నడుంనొప్పి. ఎమ్మారై అవసరం.' రిజెక్టయింది. రెండోది ఇలా వెళ్లాలి: 'ఎనిమిది వారాలుగా నడుంనొప్పి, ఎడమ కాలిలోకి దిగుతోంది. ఆరు వారాలు మందులు వాడాడు, ఎనిమిది సార్లు ఫిజియోథెరపీ అయింది, తగ్గలేదు. పరీక్షలో ఎడమ కాలి బొటనవేలికి బలం తగ్గింది. నరం నొక్కుకుపోయిందేమో తేల్చడానికి ఎమ్మారై కావాలి. ఆలస్యమైతే బలహీనత అలాగే ఉండిపోవచ్చు.'

జబ్బు అదే, మనిషీ అతనే. రెండోదాంట్లో ఎన్నాళ్లుగా ఉంది, ఇప్పటిదాకా ఏం చేశారు, పరీక్షలో ఏం తేలింది, చేయకపోతే ఏమవుతుంది అన్నవి ఉన్నాయి.

రాయాల్సింది డాక్టరే. కానీ ఆయన దగ్గర మీకుండేది కొద్ది నిమిషాలు. అందుకని తేదీలు, మందుల పేర్లు, చేయలేకపోతున్న పనులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. భాష దగ్గర జాగ్రత్త. 'కాలు లాగుతోంది, తిమ్మిరిగా ఉంది' అని మీరంటే, మధ్యలో చెప్పేవాడు 'కాలు నొప్పి' అని తేల్చేస్తాడు. తిమ్మిరి వేరు, నొప్పి వేరు. తెలుగు నర్సు ఉంటే సాయం అడగండి.

చాలామంది దెబ్బతినేది ఈ కింది వాటి దగ్గరే.

పనిలో తగిలిన దెబ్బ హెల్త్ ఇన్సూరెన్స్ కిందికి కాదు, గోసి (సౌదీ ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ) కిందికి వస్తుంది. మన తరఫున కూడా కంపెనీ గోసికి 2 శాతం కడుతుంది. 'రూములో పడ్డానని చెప్పు' అని ఫోర్‌మన్ అంటే ఒప్పుకోకండి. ఆ మాట రిపోర్టులోకి ఎక్కితే తర్వాత మార్పించడం కష్టం.

ఊళ్లో చేయించుకున్న ఆపరేషన్ దాచకండి. స్కాన్లో కనిపిస్తుంది, మిగతా మాటల మీదా నమ్మకం పోతుంది. లేని లక్షణాలు రాయమని డాక్టర్ని అడగకండి.

డయాగ్నసిస్ కోడ్ నడుముదై, స్కాన్ మెడకు అడిగితే రిజెక్టే. పంపేముందు ఒకసారి చూడమనండి.

ఎమర్జెన్సీకి ముందస్తు అప్రూవల్ అక్కర్లేదు. ఛాతీనొప్పి వస్తే కాగితాల కోసం ఆగకండి.

రిజెక్టయితే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. 'సమాచారం చాలదు' అంటే డాక్టరు వివరాలు చేర్చి మళ్లీ పంపొచ్చు. 'పాలసీలో లేదు' అంటే హెచ్ఆర్ దగ్గర బెనిఫిట్స్ పట్టిక అడిగి చూడండి. నిజంగా లేకపోతే ఎంత బాగా రాసినా రాదు. ఉండి కూడా కాదంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి, తర్వాత హెల్త్ ఇన్సూరెన్స్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయండి.

ప్రతి రిపోర్టూ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ మారితే కార్డు మారుతుంది, నడుం మాత్రం మీతోనే వస్తుంది.