ఈసుకుపోయిన గేదె - విడవని జ్వరం

ఏడెనిమిది నెలల చూడి గేదె ఈసుకుపోతే దూడ పోయిందని, ఆ ఈత పాలు పోయాయని విచారిస్తాము. అదే కారణంతో ఇంట్లో మనిషికి కూడా జబ్బు రావచ్చని చాలామందికి తోచదు. పశువులు ఈసుకుపోవడానికి గల కారణాలలో బ్రూసెల్లోసిస్ ముఖ్యమైనది. 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ సూక్ష్మజీవిని మనుషులలో కనుగొన్నాడు. 1897లో డెన్మార్కులో బాంగ్ అనే శాస్త్రవేత్త పశువులలో దీనిని గుర్తించాడు.

ఈసుకుపోయిన దూడలోను, మాయలోను, మైలలోను ఈ క్రిములు విస్తారంగా ఉంటాయి. పాలలో కూడా ఉంటాయి. వట్టి చేతులతో మాయ తీసినవారికి, గుమ్మపాలు తాగేవారికి సోకుతాయి.

మనిషిలో లక్షణాలు

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, కీళ్ళనొప్పులు, నీరసం. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తుంది. మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు వాడుతూ నెలలు గడిచిపోతాయి. ఈలోగా క్రిములు వెన్నుపూసలకు చేరితే క్షయ అని పొరబడవచ్చు. మగవారికి వృషణాలు వాస్తాయి, గర్భిణులకు గర్భస్రావం కావచ్చు. అరుదుగా గుండె కవాటాలకు పట్టి ప్రాణం తీస్తుంది.

చికిత్స

డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి 6 వారాలు ఇస్తారు. లేదా డాక్సీసైక్లిన్ 6 వారాలు వాడుతూ, మొదటి 2, 3 వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు ఇస్తారు. వెన్ను, గుండె దెబ్బతింటే ఇంకా ఎక్కువకాలం పడుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు మందులు వేరు. కనుక సొంత వైద్యం తగదు. జ్వరం తగ్గిందని మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది.

ఈ జబ్బుకు ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది. వైద్యునికి అనుమానం కలిగితేనే అది చేయిస్తారు. అందుచేత అమలాపురం వెళ్ళినా, కాకినాడ వెళ్ళినా "మా గేదె ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను" అని ముందుగా చెప్పండి.

సభ్యులు చేయవలసినవి

1. ఈసుకుపోయిన దూడను, మాయను కాలువలో పారవేయరాదు. దిగువ ఊళ్ళ పశువులు ఆ నీరే తాగుతాయి. కొబ్బరితోటలో మెరక చూసి, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చండి. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

2. పాలు పొంగేవరకు కాచి తాగండి.

3. 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు జీవితంలో ఒకేసారి టీకా వేయించండి. 2019లో ప్రారంభమైన జాతీయ పథకంలో ఇది ఉచితం. చూడి పశువులకు, మగదూడలకు వేయరాదు. టీకాలో ఉన్నది బతికున్న క్రిమి గనుక, సూది మనిషికి గుచ్చుకుంటే వెంటనే వైద్యుని చూడాలి.

4. కొత్తగా కొన్న పశువును రక్తపరీక్ష అయ్యేవరకు వేరుగా కట్టండి.

జబ్బు సోకిన పశువుకు నమ్మదగిన వైద్యం లేదు. అది మళ్ళీ సక్రమంగా ఈనినా క్రిములను వదులుతూనే ఉండవచ్చు. నష్టం పూడ్చుకుందామని చెప్పకుండా సంతలో అమ్మితే ఆ జ్వరాన్ని ఇంకొక ఇంటికి అమ్మినట్లే. దాచకుండా పశువైద్యశాలకు కబురు చేయవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.