ఇద్దరు పాపలు - ఒక తీర్పు

ఆపరేషను చేసే ముందు ఆసుపత్రిలో ఒక కాగితం ఇస్తారు. సంతకం పెట్టమంటారు. చదువు రానివాళ్ళ చేత వేలిముద్ర వేయిస్తారు. పెద్దవాళ్ళయితే ఎవరి సంతకం వాళ్ళే పెడతారు. చిన్నపిల్లలకైతే తల్లో తండ్రో పెట్టాలి. ఆపరేషనుకు మేం ఒప్పుకుంటున్నాం అని దాని అర్థం.

మరి కన్నవాళ్ళు ఒప్పుకోకపోతే? ఆపరేషను చెయ్యకపోతే బిడ్డ బతకదని డాక్టర్లు అంటుంటే? 2000 సంవత్సరంలో ఇంగ్లండులో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది.

మాల్టా సముద్రం నడుమ ఉన్న చిన్న దేశం. అందులో గోజో ఒక దీవి. అక్కడ ఒకామె కడుపులో కవలలు అతుక్కుని పెరుగుతున్నారని తెలిసింది. భార్యాభర్తలు వైద్యం కోసం ఇంగ్లండులోని మాంచెస్టరు నగరానికి వెళ్ళారు. ఆగస్టు 8న ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పొత్తికడుపు దగ్గర ఇద్దరి ఒళ్ళూ కలిసిపోయి ఉన్నాయి. అసలు పేర్లు బయటికి రాకుండా కోర్టు వాళ్ళను జోడీ, మేరీ అని పిలిచింది. జోడీ అంటే మనం అనుకునే జంట కాదు. అది అక్కడి ఆడపిల్లల పేరు.

జోడీ గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయి. మేరీవి పనికిరావు. జోడీ గుండె కొట్టుకుంటేనే మేరీ ఒంట్లో రక్తం ఆడుతుంది. ఒక్క పసిగుండె ఇద్దరి బరువు ఎన్నాళ్ళు మోస్తుంది? మూడు నుంచి ఆరు నెలలు అన్నారు డాక్టర్లు. ఆ తర్వాత ఇద్దరూ పోతారు. విడదీస్తే జోడీ బతుకుతుంది. మేరీ మాత్రం వెంటనే చనిపోతుంది.

అమ్మానాన్నలు ఒప్పుకోలేదు. వాళ్ళు దైవభక్తి గలవాళ్ళు. ఇద్దరూ మాకు సమానమే, ఒకరిని చంపి ఇంకొకరిని బతికించుకోలేం, దేవుడు ఎలా చేస్తే అలా కానివ్వండి అన్నారు. వాళ్ళను రాతిగుండె మనుషులు అనడానికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ తల్లి ఎటు అడుగేస్తుంది?

ఆసుపత్రివాళ్ళు కోర్టుకు వెళ్ళారు. మొదటి జడ్జి ఆపరేషను చెయ్యవచ్చు అన్నాడు. తల్లిదండ్రులు పై కోర్టుకు వెళ్ళారు. అక్కడ ముగ్గురు జడ్జీలు విన్నారు. పిల్లలకు నెల దాటింది, అంతే. అయినా ఇద్దరికీ చెరొక వకీలు ఉన్నాడు. చనిపోతుందన్న మేరీ తరఫున కూడా ఒకరు నిలబడి వాదించారు. ఇది చెప్పుకోదగ్గ సంగతి.

బిడ్డ విషయంలో కన్నవాళ్ళ మాటకు చాలా విలువ ఉంది అన్నారు జడ్జీలు. కాని బిడ్డ మేలు అంతకంటే ముందు. 1989లో వచ్చిన అక్కడి పిల్లల చట్టం అదే చెబుతుంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఏ బిడ్డ మేలు? ఒక బిడ్డకు మేలు చేస్తే ఇంకో బిడ్డ పోతుంది. తెలిసి ప్రాణం తియ్యడం నేరం కదా?

ఒక జడ్జి ఇలా ఆలోచించాడు. మేరీ తప్పేమీ లేదు. అయినా ఆమె వల్ల జోడీ ప్రాణం పోతోంది. కాబట్టి జోడీని కాపాడడానికి డాక్టర్లు అడ్డుపడవచ్చు. ఇంకో జడ్జి, ఇద్దరూ పోవడం కంటే ఒకరు దక్కడం తక్కువ కీడు అన్నాడు. దారులు వేరైనా ముగ్గురూ ఒకే చోటికి వచ్చారు. సెప్టెంబరు 22న, ఆపరేషను చెయ్యవచ్చు అని తీర్పు ఇచ్చారు. ఇలాంటి అరుదైన కేసుకు తప్ప ఇంకో దానికి ఈ తీర్పును వాడుకోకూడదని కూడా హెచ్చరించారు. బతికి లాభం లేదని ఎవరి ప్రాణమైనా తీసెయ్యవచ్చు అని రేపు ఎవరూ అనకూడదు కదా!

తల్లిదండ్రులు ఇంకా పై కోర్టుకు వెళ్ళలేదు. నవంబరులో ఆపరేషను జరిగింది. 20 గంటలు పట్టింది. మేరీ చనిపోయింది. జోడీ బతికింది. 2001లో అమ్మానాన్నలు ఆ పాపను ఎత్తుకుని గోజోకు తిరిగి వెళ్ళారు.