హక్కు, చట్టము, సర్క్యులరు

ఈ నెల పాఠములో మనము మూడు మాటలను వేరుచేసి చూడవలెను. పొరుగు రాష్ట్రములలో తరతరాలుగా స్థిరపడిన మనము, ఆఫీసు నుండి ఏ కాగితము వచ్చినను అదే చట్టమనుకొనుట అలవాటు చేసికొన్నాము. అసలు మనమిక్కడ కాపురముండుటయే ఎవరి దయయు కాదు. దేశములో ఎక్కడైనను నివసించి స్థిరపడు స్వేచ్ఛ ప్రతి పౌరునికి రాజ్యాంగము 19వ అధికరణములో ఇచ్చినది.

కేరళలో ఏమి జరిగినదో చూడండి. 1985 జూలైలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురిని బడి నుండి తీసివేసినారు. వారిది యెహోవా సాక్షుల విశ్వాసము. జాతీయగీతము పాడునప్పుడు అందరితోపాటు మర్యాదగా నిలువబడేవారు గాని గొంతు కలిపేవారు కారు. ఒక శాసనసభ్యుడు సభలో ప్రశ్న వేయగా విచారణ సంఘమును నియమించిరి. పిల్లలు అగౌరవమేమియు చూపలేదని ఆ సంఘమే చెప్పినది! అయినను పై అధికారి ఆదేశముపై ప్రధానోపాధ్యాయిని వారిని పంపివేసినది. హైకోర్టులోను వారు ఓడిపోయిరి.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసినది. తీర్పు వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసినవారు. జాతీయగీతము పాడి తీరవలెనని ఏ చట్టములోను లేదు. 1971 నాటి చట్టము శిక్షించునది పాడువారిని అడ్డగించుటను, ఆ సమావేశములో అల్లరి చేయుటను మాత్రమే. లేచి నిలుచుటలో గౌరవమున్నది. వాక్ స్వాతంత్ర్యములో మౌనముండు స్వేచ్ఛయు ఇమిడియున్నది. దానికి హద్దు పెట్టవలెనన్న చట్టము ద్వారానే, అదియు రాజ్యాంగము చెప్పిన కారణములపైననే పెట్టవలెను. విద్యాశాఖ సర్క్యులరుకు చట్టబలము లేదు గనుక అది చాలదు.

ఆ సాక్షుల బోధతో మనకు పొత్తు లేదు. న్యాయస్థానము చూచినది వారి నమ్మకము మనకు రుచించునా అని కాదు, అది మనస్సాక్షిగా పట్టుకొన్నదా అనియే. 25వ అధికరణము కాపాడునది అట్టి నమ్మకమునే, అదియు శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యము, ఇతర ప్రాథమిక హక్కులు అను హద్దులకు లోబడి. ఆ పిల్లలకు తెరచిన తలుపు మనకును తెరచియున్నది.

అయితే రాజ్యాంగములో వ్రాసినదంతయు ఒకే బరువు గలది కాదు. భాషా అల్పసంఖ్యాకులు తమ బడులను తామే స్థాపించి నడుపుకొనుట 30వ అధికరణము క్రింద హక్కు. దానిని ప్రభుత్వము కాలరాచినయెడల కోర్టుకు పోవచ్చును. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించు సంగతి 350ఎ లో ఉన్నది. 1956లో చేర్చిన ఆ అధికరణము రాష్ట్రము, స్థానిక సంస్థలు అందుకు ప్రయత్నించవలెనని మాత్రమే చెప్పుచున్నది. అడుగుటకు మంచి ఆధారమే గాని, మొదటిదానంత పదును లేదు. తెలుగు సెక్షను మూసివేయుచున్నామని ఉత్తరము వచ్చిన చోట, అది ఏ చట్టములోని ఏ సెక్షను క్రింద వెలువడినదో వ్రాతపూర్వకముగా అడిగి, జవాబును సంఘ ఫైలులో ఉంచండి.