మూడో రోజే సెంట్రింగ్ విప్పొచ్చా?

ఇల్లు - నిర్మాణం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. గదులు 12 అడుగుల వెడల్పు. సెంట్రింగ్ సామాను అద్దె రోజురోజుకీ పెరుగుతోంది. ర్యాపిడ్ హార్డెనింగ్ సిమెంట్ వాడితే మూడో రోజే జాకీలు తీసేయొచ్చని మేస్త్రి అంటున్నాడు. నమ్మొచ్చా?
- ఒక గృహిణి, వెస్ట్ మారేడుపల్లి

జవాబు: నమ్మకండమ్మా. ఆ సిమెంట్ మంచిదే, మేస్త్రి లెక్కే తప్పు. ఐఎస్ 8041 ప్రకారం అది ఒక్క రోజులో కనీసం 16 ఎంపీఏ, మూడు రోజుల్లో 27 ఎంపీఏ బలం చూపాలి. మామూలు 53 గ్రేడ్‌కి కూడా మూడో రోజు ఉండాల్సిన కనీస బలం 27 ఎంపీఏనే! అంటే దాని గొప్పంతా మొదటి రోజులోనే ఉంది. పైగా ఇవి ల్యాబులో, కొలిచి పోసిన నీళ్లతో చేసిన చిన్న దిమ్మెల అంకెలు. మాలు జారుగా రావాలని మీ స్లాబ్ దగ్గర ఇంకో బకెట్ నీళ్లు కుమ్మరిస్తే వాటిని మర్చిపోవాల్సిందే.

మామూలు సిమెంట్‌తో పోసిన స్లాబ్ 4.5 మీటర్ల లోపు, అంటే దాదాపు 15 అడుగుల లోపు ఉంటే జాకీలు 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతోంది. బీముల కింద 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆపైన 21. బస్తా మీద పీపీసీ అని ఉంటే ఇంకొన్నాళ్లు ఆగండి. విప్పేటప్పుడు గదిలో మధ్య నుంచి గోడల వైపు రావాలి. బాల్కనీకి మాత్రం అంచు నుంచి మొదలుపెట్టాలి. అక్కడ కడ్డీ పైభాగంలో ఉంటుంది. అంచు జాకీ ఉంచి లోపలివి ముందు లాగేస్తే కడ్డీ లేని అడుగుభాగం బీటలిస్తుంది.

ప్రశ్న: మా షాపు ముందు ర్యాంపు పాడైంది. శనివారం రాత్రి పోసి సోమవారం షట్టర్ తీయాలి. ర్యాపిడ్ హార్డెనింగ్ సిమెంట్ పనికొస్తుందా? కలుపుతుండగానే బిగుసుకుపోతుందేమో అని భయం.
- ఒక వ్యాపారి, రాణిగంజ్

జవాబు: ఇది అచ్చం ఇలాంటి పనుల కోసమే. భయం అక్కర్లేదు, మామూలు సిమెంట్ లాగే అరగంట లోపు బిగుసుకోదు. అయిదు నిమిషాల్లో బిగుసుకోవడం మొదలయ్యేది క్విక్ సెట్టింగ్ సిమెంట్, అది నీళ్లలో చేసే పనులకు వాడేది. కొట్లో పేరు తేడా రాకుండా అడగండి. మీది మెత్తగా నూరిన రకం: మామూలు సిమెంట్‌కి కిలోకి కనీసం 225 చదరపు మీటర్ల ఉపరితలం చాలు, దీనికి 325 ఉండాలి. నీరు ఎక్కువ మేర తగులుతుంది కాబట్టి బలం త్వరగా వస్తుంది, వేడీ త్వరగా పుడుతుంది. అందుకే మందపాటి పునాదులకు ఇది వద్దు.

పొద్దు గుంకాక పోయడం మంచిదే. పైన నీటి మెరుపు ఆరగానే ప్లాస్టిక్ షీటు కప్పి, తెల్లారి తడి గోనెలు పరవండి. మన ఎండల్లో ఇది మరిస్తే సన్న బీటలు ఖాయం. సోమవారం గోనెల మీద చెక్కలు వేసి మనుషుల్ని నడవనివ్వండి. సరుకు ట్రాలీ ఆటోలను మూడు రోజులు నిండే దాకా ఎక్కనివ్వొద్దు. త్వరగా గట్టిపడిందని క్యూరింగ్ ఆపకండి. వారం పాటు తడి ఉండాల్సిందే.

ప్రశ్న: పెద్ద పనుల్లో ర్యాపిడ్ హార్డెనింగ్ సిమెంట్‌ని ఎక్కడ వాడతారు సార్?
- డిప్లొమా విద్యార్థి, లాలాగూడ

జవాబు: అచ్చులు త్వరగా ఖాళీ కావాల్సిన చోట, రాకపోకలు ఆగకూడని చోట. రోడ్డు మరమ్మతు, ముందే పోసి తెచ్చే ప్రీకాస్ట్ దిమ్మెలు అలాంటివి. మీ ఇంటి దగ్గరి పట్టాల కింద దీని దగ్గరి బంధువు కనిపిస్తుంది. కాంక్రీటు స్లీపర్లకు 53-ఎస్ అనే రకం ఉంది, దాని మెత్తదనం కిలోకి కనీసం 370 చదరపు మీటర్లు. సాగదీసి పట్టిన ఉక్కు తీగలను వదిలేసరికి కాంక్రీటు ఆ బిగింపును తట్టుకోవాలి. అందుకే మెత్తటి సిమెంట్‌కు తోడు ఆవిరి కూడా పట్టి తొందరగా గట్టిపరుస్తారు.

ప్రశ్న: ర్యాపిడ్ హార్డెనింగ్ సిమెంట్ అడిగితే కొట్టువాడు 53 గ్రేడ్ బస్తా చూపించి "రెండూ ఒకటే" అంటున్నాడు. ఎలా తెలుసుకోవాలి?
- పాఠకుడు, బోయిన్‌పల్లి

జవాబు: బస్తా మీద ఐఎస్ఐ ముద్రతో పాటు ఐఎస్ 8041 అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే అది ర్యాపిడ్ హార్డెనింగ్ కాదు. ప్యాక్ చేసిన వారం, సంవత్సరం కూడా అక్కడే అచ్చేసి ఉంటాయి. మెత్తటి సిమెంట్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. వానాకాలంలో పనికి రెండు మూడు రోజుల ముందు మాత్రమే తెచ్చుకుని, గోడకు దూరంగా, చెక్కల మీద పేర్చండి. మామూలు స్లాబుకే అయితే ఈ గాలింపు మానేసి, ఆ డబ్బు ఇంకో వారం జాకీల అద్దెకు పెట్టండి.